రోడ్డు పని దగ్గర తాత్కాలిక సిగ్నల్: సూమో ట్రాఫిక్ సిమ్యులేటర్‌లో వచ్చే ఇబ్బందులు

కల్వర్టు కోసం రోడ్డు ఒక పక్క తవ్వేశారు, మిగిలిన ఒక్క లేన్‌లోంచి కాసేపు ఇటు బండ్లు, కాసేపు అటు బండ్లు వదలాలి. దీన్ని సూమోలో, అంటే కంప్యూటర్‌లో ట్రాఫిక్‌ను నడిపి చూపే ప్రోగ్రామ్‌లో, కట్టేటప్పుడు దెబ్బతినేది ఎక్కువగా ఈ మూడు చోట్లే.

సమస్య: ఎదురెదురు బండ్లు ఒకదానిలోంచి ఒకటి దూరి వెళ్లిపోతున్నాయి, లాగ్‌లో మాత్రం యాక్సిడెంట్ ఒక్కటీ లేదు.

కారణం: రెండు దిశలకూ మామూలుగా రెండు ఎడ్జ్‌లు (ఒక దిశలో వెళ్లే రోడ్డు ముక్కలు) గీస్తాం, తెర మీద కలిసిపోయినా సిమ్యులేటర్‌కి అవి వేరు రోడ్లే. పైగా సూమోకి రోడ్ల మ్యాప్ తయారుచేసే నెట్‌కన్వర్ట్ తనంతట తాను పెట్టే సిగ్నల్‌లో ఆల్ రెడ్ (అన్ని వైపులా ఒకేసారి ఎరుపు) సమయం సున్నా.

పరిష్కారం: రెండు చివర్ల నోడ్‌లకూ (రోడ్డు ముక్కలు కలిసే చోట్లకూ) ఒకే సిగ్నల్ ఐడీ ఇవ్వండి. ఇటు పచ్చ, పసుపు, తర్వాత అందరికీ ఎరుపు, ఆ తర్వాతే అటు పచ్చ. ఆ ఎరుపు ఎంతసేపంటే, చివరి బండి అవతలికి చేరేంతసేపు: 150 మీటర్లకు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో 18 సెకన్లు, లోడు ట్రాక్టర్ 20లో వస్తే 27. నేనైతే 27 పెడతాను, ఎందుకంటే మధ్యలో ఇరుక్కునేది ఆ ట్రాక్టరే.

సమస్య: క్యూ పెరుగుతూనే ఉంది, తగ్గట్లేదు.

కారణం: 90 సెకన్ల సైకిల్‌లో (సిగ్నల్ ఒక పూర్తి చుట్టులో) రెండు ఎరుపులకు 54, పసుపులకు 6 పోతే ఒక్కో వైపుకి మిగిలే పచ్చ 15 సెకన్లే. బండికి 2 సెకన్ల లెక్కన గంటకు దాదాపు 300 బండ్లు, అంతకన్నా ఎక్కువ వస్తే క్యూ కరగదు.

పరిష్కారం: సైకిల్ 150 చేస్తే 540 దాకా వెళ్తాయి, కానీ ఎరుపు దగ్గర జనం చాలాసేపు నిలబడాలి. దానికన్నా ముందు పని పొడవునే 75 మీటర్లకు కుదించి చూడండి: ఎరుపు 14కి దిగుతుంది, 90 సెకన్ల సైకిల్‌తోనే 560 వస్తాయి! సిగ్నల్ టైమింగ్‌తో కుస్తీ పట్టేవాళ్లు ఈ లెక్క వేసి చూడరు, కాంట్రాక్టర్‌తో మాట్లాడాల్సింది ఇక్కడే. మన రోడ్ల మీద బైకులు సందుల్లోంచి ముందుకొచ్చేస్తాయి కాబట్టి లేటరల్ రిజల్యూషన్ (లేన్‌ను అడ్డంగా ఎంత వెడల్పు చీలికలుగా చూడాలో చెప్పే సెట్టింగ్) 0.8 మీటర్లు పెట్టి, ఒకే లేన్‌లో బండ్లు పక్కపక్కన నడిచే సబ్‌లేన్ మోడల్ ఆన్ చేయండి, లేకపోతే క్యూ ఉన్నదానికన్నా పొడవుగా కనిపిస్తుంది.

సమస్య: నాలుగు వరుసల రోడ్డు మీద ఒక లేన్ మూస్తే, దాని చివర ఆగిన బండ్లు మాయమైపోతున్నాయి.

కారణం: పక్క లేన్‌లోకి దూరలేక 300 సెకన్లు నిలబడిన బండిని సూమో టెలిపోర్ట్ చేసేస్తుంది, అంటే అక్కడి నుంచి ఎత్తేసి ముందుకెక్కడో దింపుతుంది.

పరిష్కారం: టైమ్ టు టెలిపోర్ట్ సెట్టింగ్ మైనస్ 1 పెట్టి దాన్ని ఆపేస్తే అసలు జామ్ కనబడుతుంది. తర్వాత బండ్లు లేన్ మారే తీరును నడిపే ఎల్‌సీ స్ట్రాటజిక్ విలువ 1 కన్నా పెంచండి, బండ్లు ముందుగానే లేన్ మారతాయి. లేన్ మూత సిమ్యులేషన్ మొత్తం ఉండేదైతే ఆ చోట ఎడ్జ్ విడగొట్టి ఒక లేన్ తగ్గించి, నోడ్ రకం జిప్పర్ పెట్టండి, అప్పుడు ఇటొకటి అటొకటిగా కలుస్తాయి.