పెరట్లో పాత డెక్ తీసి కొత్తది వేయడం ఎలా? చెక్క, రెయిలింగ్ ఎంపిక

డెక్ అంటే దూలాల మీద చెక్క పలకలు పరిచి కట్టే అరుగు. తిరుపతిలో దాన్ని మార్చే పని సంక్రాంతి వెళ్లాకే మొదలుపెట్టాలి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. దసరా సెలవుల్లో పాతది పీకేసి, కార్తీకమాసం వానల్లో తడిసిన చెక్కతోనే కొత్తది బిగించిన ఇళ్లు ఎన్నో చూశాను. మే నెల వచ్చేసరికి ఆ చెక్క ఎండి ముడుచుకుపోయి, పలకల మధ్య వేలు దూరేంత సందులు పడతాయి.

పాతది విప్పడం ఒక పూట పని. గడ్డపార, సుత్తి, స్పానర్లు చాలు. దూలాలను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి, మొన మెత్తగా దిగితే ఆ దూలం పారేయాల్సిందే. స్తంభాల మొదట్లో మట్టి గూళ్లు కనిపిస్తే చెద పట్టినట్టే. పుచ్చిన దూలాలు ఉంచుకుని పైన కొత్త పలకలు కొట్టే పొదుపు మాత్రం వద్దు. కొత్త స్తంభాలను మట్టిలో పాతకండి. సిమెంటు దిమ్మె మీద, ఇనుప పట్టాతో, నేలకు అంటకుండా నిలపండి.

పలకలకు టేకే. అదీ చేవ (మాను నడిమి ముదురు, గట్టి భాగం) ఉన్న టేకు. పలక అంచున తెల్లగా, లేతగా కనిపించేది చేవ కాదు, చెద మొదట తినేది దాన్నే. పాత మిద్దెలు పడగొట్టినప్పుడు వచ్చే టేకు దూలాలు కోయించుకోగలిగితే కొత్త చెక్క జోలికే వెళ్లకండి. అది ముడుచుకోవాల్సినంతా ఏనాడో ముడుచుకుని ఉంటుంది. చిత్తూరు వైపు మామిడి చెక్క చవక కదా అని అడుగుతుంటారు. ప్యాకింగు పెట్టెలకు మామిడి సరే గానీ వానలో నానే చోటికి పనికిరాదు. తక్కువకు ఇస్తామంటూ ఎవరైనా ఎర్రచందనం చూపిస్తే అటు తిరిగి కూడా చూడకండి. అది మన శేషాచలం చెట్టు, అనుమతి పత్రాలు లేకుండా దగ్గర పెట్టుకుంటే కేసవుతుంది.

డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) పలకలకు చెద భయం లేదు, పాలిష్ ఖర్చూ లేదు. కానీ 40 డిగ్రీలు దాటే ఎండలో ముదురు రంగు పలక మీద పిల్లలు వట్టి కాళ్లతో నిలబడలేరు. వేసుకుంటే లేత రంగే, గుల్లది కాకుండా గట్టిదే వేసుకోండి. ఎండకు అది పొడవునా సాగుతుంది. అందుకని పలకల కొసల మధ్య ఐదారు మిల్లీమీటర్లు వదలాలి, అడుగున దూలాలు అడుగుకొకటి ఉండాలి.

రెయిలింగుకు నిలువు కమ్మీలే పెట్టించండి. అడ్డ కమ్మీలు పెడితే చిన్నపిల్లలకు అవి నిచ్చెన మెట్లే. కమ్మీల మధ్య నాలుగంగుళాలు మించకూడదు, ఎత్తు మూడున్నర అడుగులు ఉండాలి. స్టీలు కావాలంటే 304 గ్రేడని బిల్లు మీద రాయించుకోండి. అయస్కాంతం అంటకపోతే 304 అని షాపుల్లో చెప్పే మాట నమ్మకండి, త్వరగా తుప్పు పట్టే 202కి కూడా అయస్కాంతం పెద్దగా అంటదు. నేనైతే జీఐ (జింకు పూత పూసిన ఇనుము) పైపు కాళ్లు, పైన చెయ్యి ఆనించే టేకు పట్టె తప్ప వేరేది వేయను. మధ్యాహ్నం ఎండలో స్టీలు మీద చెయ్యి వేసినవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు.

ఇక అసలు పని రెయిలింగు కాళ్లు బిగించడం. దాదాపు ప్రతి ఇంట్లో చెడేది ఇక్కడే. వెల్డింగు అబ్బాయి కాలి కింద ఒక ప్లేటు అతికి, దాన్ని పలకల మీద నాలుగు స్క్రూలతో కొట్టి వెళ్లిపోతాడు. ఆ రోజు గట్టిగానే ఉంటుంది. కానీ మూడున్నర అడుగుల కాలు గడ్డపారలాంటిది. పైన 20 కిలోల తోపు పడితే, అడుగున నాలుగంగుళాల ప్లేటు దగ్గర స్క్రూల మీద 200 కిలోలకు పైగా లాగుడు పడుతుంది. రెండు వానాకాలాలు తడిసిన పలక ఆ లాగుడు ఓర్చుకోలేదు. నాకు తెలిసిన ఇంట్లో ఒక పెద్దాయన సాయంత్రం ఆనుకుని నిలబడితే కాలు ప్లేటుతో సహా ఊడొచ్చింది. కింద మల్లెపాదు మెత్తగా ఉండబట్టి బతికిపోయాడు.

అందుకే కాలు పలక మీద ఆగకూడదు. పలకను దాటి కిందికి దిగి, అంచు దూలం పక్కకు ఆనుకోవాలి. ఎనిమిదంగుళాల దూలమైతే పై అంచు నుంచి రెండంగుళాలు, కింది అంచు నుంచి రెండంగుళాలు వదిలి, నాలుగంగుళాల ఎడంతో రెండు 12 మిల్లీమీటర్ల బోల్టులు ఈ పక్క నుంచి ఆ పక్కకు దూర్పించండి. రంధ్రం బోల్టుకు సరిపడానే వేయాలి, వదులైతే ఎంత బిగించినా కాలు ఆడుతుంది. చెక్క వైపు వెడల్పాటి వాషరు తప్పనిసరి. మేస్త్రీ ‘స్క్రూలు చాలు సార్’ అంటే ఒప్పుకోకండి.

అంతటితో అయిపోలేదు. కాలు గట్టిగా ఉన్నా, అంచు దూలమే మెలి తిరిగితే రెయిలింగు మొత్తం బయటికి వాలుతుంది. ప్రతి కాలి వెనకా అంచు దూలానికీ లోపలి దూలానికీ మధ్య అడ్డదూలం బిగించాలి. పలకలు పరిచాక అది పెట్టడం కుదరదు కాబట్టి, ముందు కాళ్లు, తర్వాతే పలకలు. వెల్డింగు చేసిన చోటల్లా జీఐ పూత కాలిపోతుంది, అక్కడ గీకి జింకు ప్రైమరు కొట్టాకే రంగు వేయించండి.

పలకలు వేసేముందు ఇద్దరు మనుషులను పిలిచి, ప్రతి కాలినీ పైకొస దగ్గర పట్టుకుని గట్టిగా ఊపించండి. కొస కదిలితే నట్టు బిగించి మళ్లీ ఊపించండి. మొదటి ఎండాకాలం దాటాక ఇంకోసారి స్పానరు పట్టుకుని అన్ని నట్లూ చూసుకోండి, చెక్క ముడుచుకున్నకొద్దీ అవి వదులవుతాయి.