చెన్నైలో మజిల్ కార్ మోడళ్ళు: కనిపించే తప్పు, అసలు కారణం, పరిష్కారం

ప్లాస్టిక్ కిట్‌తో 1969 డాడ్జ్ చార్జరో, 1970 ప్లిమత్ హెమీ కుడానో, అంటే పెద్ద ఇంజన్ పెట్టిన పాత అమెరికన్ ‘మజిల్ కారు’ చిన్న మోడల్‌గా కట్టేవాళ్ళకి వచ్చే ఇబ్బందులు ఏ ఊళ్ళోనైనా దాదాపు ఒకటే. కాకపోతే చెన్నైలో ఉప్పుగాలి తేమ, మే నెల ఎండ, బోరు నీళ్ళు, చేతి చెమట అన్నీ కలిసి వాటిని ఇంకా పెంచుతాయి. మనం చదివే సలహాల్లో చాలా వరకు చల్లటి, పొడి ఊళ్ళవాళ్ళు రాసినవే. వాటిని ఉన్నదున్నట్టు పాటిస్తే ఇక్కడ పెయింట్ తెల్లబడుతుంది, డెకాల్ (నీళ్ళలో నానబెట్టి అతికించే స్టిక్కర్) చుట్టూ మరకలు పడతాయి.

ఏ తప్పు కనిపించినా ముందు దాని కింది పొర సంగతి చూడండి. రంగులో కనిపించేది ప్రైమర్‌లో (రంగు కింద వేసే మొదటి పూతలో) పుట్టి ఉంటుంది, ప్రైమర్‌లో కనిపించేది కడగని ప్లాస్టిక్‌లో పుట్టి ఉంటుంది. పైన ఇంకో కోటు కొట్టి కప్పేద్దామనుకుంటే తప్పు మరింత మందమవుతుంది తప్ప పోదు. 1/25 స్కేలులో, అంటే అసలు కారులో ఇరవై ఐదో వంతు సైజులో, కుడా పొడవు సుమారు 19 సెంటీమీటర్లు. దాని మీద అర మిల్లీమీటరు సందు ఉంటే అసలు కారు మీద 12.5 మిల్లీమీటర్ల సందు ఉన్నట్టు. కంటికి చిన్నగా అనిపించినవన్నీ చివర్లో పెద్దవై కనిపించడానికి కారణం ఇదే.

రంగు ఆరాక తెల్లటి మసక కమ్మింది

చెన్నైలో అందరికీ ఎదురయ్యేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. నలుపు, ఊదా వంటి ముదురు రంగుల మీద, క్లియర్ కోటు మీద బాగా తెలుస్తుంది. తడిగా ఉన్నప్పుడు మెరిసిన బాడీ పావుగంటలో మసకబారుతుంది.

కారణం గాలిలోని తేమ. లాకర్ పెయింట్‌లోని (థిన్నర్ ఆవిరై త్వరగా ఆరే రకం రంగు) థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఆ ఉపరితలం చల్లబడుతుంది. చుట్టూ గాలిలో నీటి ఆవిరి నిండుగా ఉంటే, ఆ చల్లదనానికి అది సన్నని నీటి తుంపరగా మారి ఇంకా ఆరని రంగులో చిక్కుకుంటుంది. థిన్నర్ ఎంత వేగంగా ఆరితే మసక అంత ఎక్కువ. స్ప్రే క్యాన్ లోపలి గ్యాస్ బయటికి వస్తూ చల్లబడుతుంది కనుక క్యాన్‌తో కొట్టేవాళ్ళకి ఈ బెడద మరీ ఎక్కువ.

రంగు పాడైపోయిందని కంగారు పడకండి, చాలాసార్లు వెనక్కి తేవచ్చు. ముందు పూర్తిగా ఆరనివ్వండి. పొడిగా ఉన్న రోజు చూసి, నెమ్మదిగా ఆరే థిన్నర్‌ని ఎయిర్ బ్రష్‌తో (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పెన్ను లాంటి పనిముట్టు) పల్చగా, తడి తగిలీ తగలనట్టు కొట్టండి. రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసే ద్రవం) కలిసి ఉండే మిస్టర్ కలర్ లెవెలింగ్ థిన్నర్ దీనికి బాగా పనికొస్తుంది. పై పొర కాస్త మెత్తబడి, లోపలి తేమ బయటికి పోయి, రంగు మళ్ళీ తేలుతుంది. ఇది లాకర్ రంగుల మీద మాత్రమే చెయ్యాలి. ఎయిర్ బ్రష్ లేకపోతే 2000 నంబరు వాటర్ పేపర్‌తో (నీళ్ళతో రుద్దే గరుకు కాగితం) తేలిగ్గా రుద్ది, పొడి రోజున ఇంకో పల్చటి కోటు వెయ్యండి.

మళ్ళీ రాకూడదంటే వేళ చూసుకోవాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ముసురు పట్టిన రోజుల్లో బాడీ జోలికి పోకండి. ఇంజన్, డాష్‌బోర్డు, సీట్లు వంటి బ్రష్ పనులకి ఆ నెలలు వాడుకోండి. మిగతా రోజుల్లో కూడా పొద్దున్నే స్ప్రే వద్దు, ఆ వేళకి గాలి బాగా తడిగా ఉంటుంది. ఎండ ఎక్కాక, సముద్రపు గాలి తిరగక ముందు, పది పన్నెండు మధ్య మంచి సమయం. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ వంటి తీరపు ఇళ్ళకి ఆ గాలి ముందే తగులుతుంది. అంబత్తూరు, ఆవడి వైపు ఉండేవాళ్ళకి ఇంకాస్త వెసులుబాటు ఉంటుంది. తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు ఒకటి కొనుక్కోండి. అందులో 65 శాతం దాటితే నేను క్యాన్ చేత్తో పట్టను.

ఏసీని డ్రై మోడ్‌లో పెట్టి గదిని, భాగాలను ముందే పొడిగా చేసుకోవచ్చు. కానీ తలుపులన్నీ మూసిన గదిలో మాత్రం స్ప్రే చెయ్యకండి. థిన్నర్ ఆవిరికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది. దేవుడి దీపం, అగరుబత్తి, గ్యాస్ పొయ్యి వెలుగుతున్నప్పుడు బాల్కనీలో కూడా వద్దు. రసాయనాల ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు పెట్టుకోండి, గుడ్డ మాస్కు దుమ్మునే ఆపుతుంది.

ఎయిర్ బ్రష్ నుంచి రంగుతో పాటు నీటి చుక్కలు పడుతున్నాయంటే అదీ తేమ పనే. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్ళు వంచేసి, గొట్టం మధ్యలో తేమని పట్టే మాయిశ్చర్ ట్రాప్ బిగించండి.

రంగు గరుకుగా, ఇసుక చల్లినట్టు ఉంది

అగ్ని నక్షత్రం రోజుల్లో, అంటే మే నెల మండుటెండల్లో, తెల్లటి మసకకి సరిగ్గా వ్యతిరేకమైన బాధ ఇది. బాడీని చేరకముందే రంగు గాల్లో ఆరిపోతుంది, పొడి రేణువులు వచ్చి అతుక్కుంటాయి. క్యాన్‌ని 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరానికి తెచ్చి, ఆగకుండా ఒకే వేగంతో చెయ్యి కదపండి. ఎయిర్ బ్రష్ అయితే థిన్నర్ కొంచెం పెంచండి, రిటార్డర్ కలపండి.

గరుకు కాకుండా నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా ఉంటే రంగు చిక్కగా పడి, సర్దుకునే లోపే ఆరిందన్నమాట. రెండింటికీ మందు ఒకటే. వారం ఆరనిచ్చి 2000, ఆ తర్వాత 3000 వాటర్ పేపర్‌తో సబ్బు నీళ్ళలో రుద్ది, పాలిషింగ్ కాంపౌండ్‌తో మెరుగు పెట్టండి. బాడీ అంచులు, ఫెండర్ల మీది గీతలు, చార్జర్ తలుపు మీది గుంటల కొసలు మాత్రం వదిలెయ్యండి. అక్కడ రంగు పల్చగా ఉంటుంది, రెండు రుద్దులకే కింది ప్రైమర్ బయటపడుతుంది.

ప్లాస్టిక్ మీదే సన్నని పగుళ్ళు

హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు స్ప్రే క్యాన్లు, కారు షెడ్డుల్లో వాడే డ్యూకో రంగులు లోహం కోసం చేసినవి. వాటిలోని ఘాటైన థిన్నర్ కిట్ ప్లాస్టిక్‌ని, అంటే పాలిస్టైరీన్‌ని, కరిగిస్తుంది. రంగు ఆరేసరికి కింద ప్లాస్టిక్ వలలా పగిలి ఉంటుంది. దాని మీద ఎన్ని కోట్లు కొట్టినా ఆ వల కనిపిస్తూనే ఉంటుంది.

పగుళ్ళు పైపైన ఉంటే రంగు మొత్తం తీసేసి, 600 నుంచి మొదలుపెట్టి 1000 వరకు వాటర్ పేపర్ పట్టి, ప్రైమర్ వేసి చూడండి. రంగు తీయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మంచిది. రిచీ స్ట్రీట్‌లో సర్క్యూట్ బోర్డులు శుభ్రం చేసే సరుకు అడిగితే ఇస్తారు. అక్రిలిక్ రంగులు త్వరగా వదులుతాయి, లాకర్‌కి రాత్రంతా నానబెట్టాల్సి రావచ్చు. పగుళ్ళు లోతుగా దిగితే ఆ భాగం దక్కదు, వేరే దాని కోసం వెతుక్కోవడమే.

కుడాకి టార్ రెడ్, చార్జర్‌కి హెమీ ఆరెంజ్ కావాలని పెయింట్ షాపులో కలిపించుకోవడం తప్పు కాదు. పుదుపేట వైపు వెళ్ళినా, మీ వీధి చివరి షాపులో అడిగినా ఖర్చు తక్కువే. కాకపోతే ముందు మోడళ్ళ కోసం చేసిన ప్రైమర్‌తో బాడీ అంతా మూసెయ్యాలి. రంగును మొదట రెండు మూడు పొడి కోట్లుగా, తడి చెయ్యకుండా కొట్టి, ఆ తర్వాతే తడి కోటు వెయ్యాలి. బానెట్ లోపలి వైపునో, స్ప్రూ (కిట్ భాగాలు అతికి వచ్చే ప్లాస్టిక్ చట్రం) ముక్క మీదో పరీక్షించకుండా బాడీ మీదికి తేకండి. ఇంకో మాట: కారు షాపులో కలిపే మెటాలిక్ రంగుల్లో మెరుపు రేణువులు అసలు కారుకి తగిన సైజులో ఉంటాయి. 1/25లో అవి పెద్ద పెద్ద తళుకుల్లా కనిపించి మోడల్‌ని బొమ్మగా మార్చేస్తాయి. మెటాలిక్ కావాలంటే మోడళ్ళ కోసం చేసిన రంగే కొనండి.

ఎనామెల్ (నెమ్మదిగా ఆరే నూనె రకం రంగు) మీద లాకర్ కొడితే రంగు ముడతలు పడి లేస్తుంది. లాకర్ కింద, ఎనామెల్ పైన ఉండాలి.

మాస్కింగ్ టేపుతో పాటు రంగు ఊడి వస్తోంది

తప్పు టేపుది కాదు. అచ్చు నుంచి సులువుగా రావడానికి ఫ్యాక్టరీలో పూసే జిడ్డు ప్లాస్టిక్ మీద మిగిలి ఉంటుంది. దానికి మన చేతి చెమట తోడవుతుంది. భాగాలు స్ప్రూ మీద ఉండగానే గిన్నెలు తోమే సబ్బు వేసిన గోరువెచ్చటి నీళ్ళలో పాత టూత్ బ్రష్‌తో తోమండి. చివరిసారి మాత్రం తాగడానికి కొనే క్యాన్ వాటర్‌తో కడగండి, బోరు నీళ్ళు ఆరితే ఉప్పు మరకలు మిగులుతాయి. ఆ తర్వాత నైట్రైల్ గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. తలకి నూనె రాసుకున్న రోజు ఇది మరీ ముఖ్యం.

తెల్ల రంగు గులాబీగా మారింది

ఎరుపు ప్లాస్టిక్‌తో వచ్చిన పాత కిట్లలో జరుగుతుంది. ప్లాస్టిక్‌లోని రంగు కరిగి పైకి పాకుతుంది. తెల్ల కోట్లు పెంచితే ఆగదు. మధ్యలో ఒక వెండి రంగు కోటు వేస్తే అడ్డుకుంటుంది, దాని మీద తెల్ల ప్రైమర్ వేసుకోండి.

క్రోమ్ పట్టీలు, పేర్లు శుభ్రంగా రావడం లేదు

మజిల్ కారు అందమంతా కిటికీల చుట్టూ ఉండే సన్నని మెరుపు పట్టీల్లో, ఫెండర్ మీది చిన్న అక్షరాల్లో ఉంటుంది. వాటికి అతికించే బేర్ మెటల్ ఫాయిల్ (వెనక జిగురున్న పల్చటి లోహపు రేకు) చిరుగుతుంటే బ్లేడు మొద్దుబారిందని అర్థం. ఫాయిల్ పని మొదలుపెట్టినప్పుడల్లా కొత్త బ్లేడు వాడాలి. ఫాయిల్‌ని ఇయర్ బడ్‌తో, తర్వాత టూత్‌పిక్ మొనతో అంచుల్లోకి నొక్కి, బరువు పెట్టకుండా కొయ్యండి.

పాంటియాక్ జీటీఓ మీది అక్షరాల వంటివాటికి నాకు ఎంతో నచ్చిన పద్ధతి ఇది. రంగు వేయకముందే, ప్రైమర్ మీద, ఆ అక్షరాల మీద చిన్న ఫాయిల్ ముక్క అతికించండి. అంచులు బాగా అణచండి. మామూలుగా రంగు వెయ్యండి. ఆరాక, క్లియర్ కోటుకి ముందు, 3000 వాటర్ పేపర్‌తో అక్షరాల పైభాగం మాత్రమే మెల్లగా తాకండి. రంగు పోయి కింద వెండి అక్షరం బయటపడుతుంది. బ్రష్‌తో ఎంత జాగ్రత్తగా దిద్దినా అంత పదునైన అంచు రాదు.

క్రోమ్ పూత ఉన్న భాగాలు అతకడం లేదంటే, అతుక్కునే చోట పూతని బ్లేడుతో గీకి తీసెయ్యండి. ప్లాస్టిక్ సిమెంట్ ప్లాస్టిక్‌ని కరిగించి అతికిస్తుంది, పూత మీద దానికి పని లేదు.

డెకాల్ కింద వెండి మచ్చలు

మాట్ ఉపరితలం మీద డెకాల్ వేస్తే సందుల్లో గాలి చిక్కి మచ్చల్లా మెరుస్తుంది. ముందు నున్నగా మెరిసే క్లియర్ కోటు (గ్లాసీ కోటు) వెయ్యాలి. ఇప్పటికే వచ్చేస్తే సన్నని సూదితో పొడిచి, డెకాల్‌ని మెత్తబరిచే మైక్రో సాల్ ద్రవం రాసి వదిలెయ్యండి. అది పని చేస్తున్నప్పుడు డెకాల్ ముడతలు పడుతుంది. ఆ సమయంలో ముట్టుకోకూడదు, ఆరేకొద్దీ తనే సర్దుకుంటుంది. డెకాల్ నానబెట్టడానికి కూడా క్యాన్ వాటరే వాడండి.

పాత కిట్‌లో డెకాల్ షీటు పసుపెక్కి ఉంటే దాన్ని జిప్ కవర్లో పెట్టి ఎండ తగిలే కిటికీకి అంటించండి. కొన్ని రోజుల్లో పసుపు చాలా వరకు విరుగుతుంది. ఇందులో మాత్రం చెన్నై ఎండ మనకి చుట్టమే.

ఇంజన్ బొమ్మలా ఉంది, బానెట్ మూసుకోవడం లేదు

స్పార్క్ ప్లగ్ వైర్లు లావుగా ఉంటే ఇంజన్ ఎంత బాగా రంగేసినా తేలిపోతుంది. అసలు వైరు మందం 7, 8 మిల్లీమీటర్లు, అంటే 1/25లో 0.3 మిల్లీమీటర్లే. మోటారు వైండింగ్ తీగలో ఆ మందం దొరుకుతుంది. ఈ వైర్లన్నీ బయల్దేరే డిస్ట్రిబ్యూటర్ ఎక్కడుందో చూసుకోండి: షెవర్లే వీ8లో వెనక, 426 హెమీలో ముందు. హెమీకి ప్లగ్ వైర్లు ఒక్కో వాల్వ్ కవర్ నడుమ ఉన్న కన్నాల్లోంచి లోపలికి దిగుతాయి. పక్క నుంచి పెడితే తెలిసినవాళ్ళు ఒక్క చూపులో పట్టేస్తారు. ఇంజన్ రంగు కూడా అంతే: షెవర్లేకి ఆరెంజ్, 1966 నుంచి వచ్చిన ఫోర్డ్‌కి నీలం.

బానెట్ లేస్తోందంటే సాధారణంగా ఎయిర్ క్లీనర్ తగులుతుంది. కానీ దాన్ని అరగదీయకముందు కిందికి చూడండి. ఇంజన్ మౌంట్లలో స్ప్రూ మొటిమ మిగిలిందేమో, చాసిస్ బాడీలో పూర్తిగా కూర్చోలేదేమో. 1970 కుడా షేకర్ బానెట్ అయితే మరీ జాగ్రత్త. ఆ స్కూప్ ఇంజన్‌కే అతికి ఉండి బానెట్ కన్నంలోంచి పైకి వస్తుంది, ఇంజన్ కాస్త వాలినా స్కూప్ పక్కకి పోతుంది. జిగురు ఆరకముందే బాడీ మీద పెట్టి, బానెట్ మూసి, సరిచేసుకోండి.

కిటికీ అద్దం మసకబారింది

ఫెవిక్విక్ రకం జిగురు ఆవిరి అద్దం మీద తెల్లగా పేరుకుంటుంది. కాంపౌండ్‌తో మెరుగు పెడితే పోతుంది. అద్దాలకి తెల్ల ఫెవికాల్ చాలు, ఆరాక కనిపించదు.

నాలుగు చక్రాలూ నేలకి ఆనడం లేదు, టైరు చక్రాన్ని తినేసింది

గాజు పలక మీద పెట్టి చూస్తూ ఇరుసులు అతికించండి, టేబుల్ చెక్కని నమ్మొద్దు. వేరే కిట్ చక్రాలు వాడితే అవి 1/24వా 1/25వా చూసుకోండి, ఆ కాస్త తేడా కూడా చక్రాల పైనుండే బాడీ వంపుల్లో కనిపిస్తుంది.

వినైల్ టైర్లలో మెత్తదనం కోసం కలిపే నూనె లాంటి పదార్థం మెల్లగా బయటికి ఊరి, తాకిన ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. వేడిలో ఇది త్వరగా జరుగుతుంది. కిట్ కొన్న రోజే టైర్లని పెట్టెలోంచి తీసి విడిగా జిప్ కవర్లో పెట్టండి. అద్దాల పక్కన వదిలేస్తే వాటి మీద టైరు గుర్తులు పడతాయి. బిగించేటప్పుడు చక్రం చుట్టూ ఒక వరుస ఫాయిల్ చుట్టి టైరు ఎక్కించండి. ఇప్పటికే కరిగి అతుక్కుంటే లాగకండి. టైరుని బ్లేడుతో కోసి తీసి, చక్రం అంచుని లప్పంతో నింపి రుద్ది, వెండి రంగు వేసి, వేరే టైరు పెట్టండి.