వ్యామ్‌లో చిల్డ్ వాటర్ దిగడం లేదా? స్టీమ్ వాల్వ్ జోలికి పోకండి

వ్యామ్ అంటే ఆవిరి వేడితో నీళ్లు చల్లబరిచే మెషీన్ (వేపర్ అబ్సార్ప్షన్ మెషీన్). దాంట్లోంచి వచ్చే చిల్డ్ వాటర్ 7 డిగ్రీలు ఉండాల్సింది 10కి ఎక్కింది. లోడ్ మారలేదు, కూలింగ్ టవర్ నీళ్లు ఎప్పటిలాగే 32లోనే వస్తున్నాయి. ఇలాంటప్పుడు ఆపరేటర్ చెయ్యి నేరుగా స్టీమ్ వాల్వ్ మీదికి పోతుంది. వద్దు. ఆవిరి పెంచేకొద్దీ లిథియం బ్రోమైడ్ ద్రావణం చిక్కబడి హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో గడ్డకడుతుంది. మా దగ్గర ఒక నైట్ షిఫ్ట్‌లో ఇదే జరిగింది. ఆ గడ్డ కరిగించడానికి తెల్లారేదాకా పైపు వేడిచేస్తూ కూర్చున్నాం.

ముందు చూడాల్సింది అబ్సార్బర్, అంటే నీటి ఆవిరిని లిథియం బ్రోమైడ్ ద్రావణం పీల్చుకునే భాగం.

పర్జ్ చేస్తే (లోపలి గాలిని వాక్యూమ్ పంపుతో లాగేస్తే) బాగవుతుంది, రెండు రోజులకే మళ్లీ మొదటికి

కారణం గాలి. వ్యామ్‌లో చల్లదనాన్నిచ్చే రిఫ్రిజరెంట్ మామూలు నీళ్లే. అవి 5 డిగ్రీలకే మరగాలంటే లోపల ఒత్తిడి 6.5 మిల్లీమీటర్ల పాదరసం ఉండాలి. బయట 760. సూదిమొనంత సందు దొరికినా గాలి లోపలికే వస్తుంది. లోపల తుప్పు పడితే హైడ్రోజన్ కూడా పుడుతుంది. ఇవి ట్యూబుల చుట్టూ పేరుకుని నీటి ఆవిరిని ద్రావణం దాకా చేరనివ్వవు.

వాక్యూమ్ పంపు ఎగ్జాస్ట్ గొట్టం కొసని నీళ్ల సీసాలో ముంచి బుడగలు లెక్కపెట్టండి. పంపు ఆపేముందు గొట్టం బయటికి తీయడం మరవద్దు, లేదంటే సీసాలో నీళ్లు వెనక్కి లాగేసుకుంటుంది. బుడగలు తగ్గకపోతే మెషీన్ ఆపి, నైట్రోజన్ నింపి, సబ్బునురగతో వాల్వులు, సైట్ గ్లాస్ గాస్కెట్లు వెతకాలి. లీకు ఎక్కడా దొరకలేదా? ద్రావణం శాంపిల్ ల్యాబ్‌కి పంపండి, తుప్పు ఆపే ఇన్హిబిటర్ తగ్గి ఉంటుంది.

బుడగలు లేవు, చల్లదనమూ లేదు

పర్జ్ ఎగ్జాస్ట్ దగ్గర, ద్రావణంలో కలిపే ఆక్టైల్ ఆల్కహాల్ ఘాటు వాసన వస్తోందా? రాకపోతే అది అయిపోయినట్టే. ట్యూబు మీద జారే ద్రావణపు పొర పైభాగం త్వరగా పలచబడి, అక్కడితో ఆవిరి పీల్చడం మందగిస్తుంది. ఆల్కహాల్ ఉంటే తలతన్యతలో తేడాలు పుట్టి ఆ పొర తనంతట తానే కలియతిరుగుతుంది, అడుగున ఉన్న చిక్కటి ద్రావణం పైకి వస్తుంది. మాన్యువల్‌లో చెప్పిన కొలతే పోయండి. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లబడదు.

రిఫ్రిజరెంట్ నీళ్లలో ఉప్పు

రిఫ్రిజరెంట్ నీళ్ల సాంద్రత హైడ్రోమీటర్‌లో 1.00 దగ్గర ఉండాలి. 1.04 దాటిందంటే ఉప్పు, అంటే లిథియం బ్రోమైడ్, కలిసిందని అర్థం, నీళ్లు సరిగా మరగవు. బ్లోడౌన్ వాల్వ్ తెరిచి ఆ నీళ్లను అబ్సార్బర్‌లోకి వదిలితే ద్రావణాన్ని వేడిచేసి నీటిని వేరుచేసే జనరేటర్‌లో మళ్లీ శుభ్రపడతాయి.

ఇవన్నీ సరిగ్గానే ఉంటే మిగిలింది ట్యూబుల్లో పొలుసు. నెలల తరబడి మెల్లగా దిగజారితే అదే. బ్రష్ కొట్టించి, ఆ రోజు రీడింగులు లాగ్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. వచ్చే ఏడాది పోల్చుకోవడానికి అవే ఆధారం.