వానలు ముదరకముందే జనరేటర్‌ను లోడు పెట్టి నడిపి చూడండి

నెలల తరబడి మూలన పడి ఉన్న జనరేటర్ సరిగ్గా అవసరమైన రాత్రి మొరాయిస్తుంది. నేను చూసినంతవరకు చిన్న డీజిల్ ఇంజిన్లు నడిచి అరిగిపోవడం కన్నా, నడవక పాడవడమే ఎక్కువ. అందుకే ఆకాశం మబ్బు పట్టకముందే ఒక పగలంతా దీనికి కేటాయించమని అడుగుతున్నాను.

నాకు ఈ బుద్ధి ఒక గాలివాన రాత్రి వచ్చింది. కరెంటు పోయింది. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు. టార్చి వెలుగులో ఫ్యూయల్ ఫిల్టర్ కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, వచ్చింది ఒక గాజు సీసాలో పట్టాను. రెండు నిమిషాలు కదపకుండా ఉంచితే అసలు సంగతి బయటపడింది. అడుగున వేలెడు మందాన నీళ్లు, పైన డీజిల్, రెండింటి మధ్య గోధుమరంగు జిగురు తెట్టు. ఇంజిన్‌లో ఏ లోపమూ లేదు. నేను దానికి నీళ్లు తాగిస్తున్నాను, అంతే.

ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపలి గాలిలోని తేమ రాత్రి చల్లబడి గోడలకు చెమటలా పడుతుంది. డీజిల్ కన్నా నీరు బరువు కాబట్టి అడుగుకు దిగుతుంది. ఆ నీరూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి ఆ తెట్టు కడుతుంది, అదే ఫిల్టర్‌ను మూసేస్తుంది. నీరు ఇంకా ముందుకు పోతే డీజిల్‌ను ఒత్తిడితో నెట్టే ఇంజెక్షన్ పంపు, దాన్ని సిలిండర్‌లోకి చిమ్మే నాజిల్ తుప్పు పడతాయి. వెంట్రుక కూడా దూరనంత దగ్గరగా అమర్చిన భాగాలవి, వాటికి డీజిలే కందెన. కాబట్టి ముందుగా ట్యాంకు అడుగునుంచి, ఫిల్టర్ నుంచి కాస్త డీజిల్ గాజు సీసాలోకి తీసి చూడండి. ఏడాది దాటిన డీజిల్ అయితే మొత్తం తీసేయడమే మేలు. కొత్త ఫిల్టర్ వేసి, శుభ్రమైన డీజిల్‌ను వడకట్టి పోయండి. నిల్వ ఉంచేటప్పుడు ట్యాంకును దాదాపు నిండుగా ఉంచితే తేమ పట్టడానికి చోటు ఉండదు. త్వరగా అందుకుంటుందని పెట్రోలు కలపమని ఎవరైనా చెబితే వినకండి. డీజిల్‌కు పెట్రోలులా సులభంగా నిప్పంటుకోదు, పెట్రోలు కలిపితే ఆ భద్రత పోతుంది.

ఫిల్టర్ మార్చినా, ట్యాంకు పూర్తిగా ఖాళీ అయినా లైన్లోకి గాలి చేరుతుంది. గాలి నొక్కుకుపోతుంది కాబట్టి పంపు ఎంత నొక్కినా నాజిల్ తెరుచుకునేంత ఒత్తిడి రాదు. ఎయిర్ తీయడం కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. ట్యాంకు కాక్ తెరిచి, ఫిల్టర్ మీద గాలి వదిలే బ్లీడ్ స్క్రూ ఒకటి రెండు చుట్లు వదులు చేయండి. మొదట నురగ, తర్వాత బుడగలు, చివరికి బుడగ లేని ధార వస్తుంది. ధార వస్తుండగానే స్క్రూ బిగించండి. హ్యాండ్ పంపు ఉంటే దానితో నొక్కాలి. తర్వాత ఇంజెక్షన్ పంపు దగ్గర కూడా ఇలాగే. అప్పటికీ అందుకోకపోతే నాజిల్ దగ్గరి పైపు నట్టు అర చుట్టు వదులు చేసి, అక్కడ గుడ్డ కప్పి, డీజిల్ చిమ్మేదాకా ఇంజిన్‌ను తిప్పి నట్టు బిగించండి. అలా తిప్పేటప్పుడు వేలు గానీ అరచేయి గానీ అక్కడ పెట్టకండి. నాజిల్ చిమ్మే డీజిల్ ఒత్తిడి సుమారు 200 బార్, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు ఉంటుంది, చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఆలస్యమైతే వేలు, ఒక్కోసారి చేయే తీసేయాల్సి రావచ్చు.

ఇంజిన్ ఆయిల్ చూసేటప్పుడు జనరేటర్ సమంగా ఉన్న నేల మీద ఉండాలి. డిప్‌స్టిక్ తుడిచి మళ్లీ పెట్టి తీయండి. రెండు గీతల మధ్య ఉంటే చాలు, పైగీత దాటించకండి. ఎక్కువైన ఆయిల్ గాలి దారిలోకి చేరితే ఇంజిన్ దాన్నే ఇంధనంగా మండించుకుని, స్పీడు అదుపు తప్పి, డీజిల్ ఆపినా ఆగకపోవచ్చు. అలాంటప్పుడు గాలి లోపలికి పోయే మూతిని చెక్కతోనో మందమైన పలకతోనో మూయాలి, చేత్తో కాదు. అంత దగ్గరకు వెళ్లే వీలు లేకపోతే దూరంగా పారిపోవడమే. ఆయిల్ పాలు కలిసిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టు, కారణం తేలేదాకా స్టార్ట్ చేయకండి. గాలితో చల్లబడే చిన్న ఇంజిన్లకు సాధారణంగా కొత్తలో 50 గంటలలోపు, ఆ తర్వాత ప్రతి 100 గంటలకు ఆయిల్ మార్చాలి. మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. నడవకపోయినా ఏడాదికోసారి మార్చాలి.

వానాకాలంలో నన్ను ఎక్కువగా భయపెట్టేది సైలెన్సర్ గొట్టం. మూతి పైకి ఉండి కప్పు లేకపోతే వాన నీరు దాని గుండా సిలిండర్‌లోకి దిగవచ్చు. నీరు నొక్కుకుపోదు. సెల్ఫ్ కొట్టగానే పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. నీళ్లు దిగాయని అనుమానం ఉంటే ముందు సెల్ఫ్ ముట్టుకోకండి. సిలిండర్‌లో ఒత్తిడిని వదిలేసే మీటను (డీకంప్రెషన్ లివర్) ఎత్తి పెట్టి చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా అడ్డం తగిలితే అక్కడితో ఆపి మెకానిక్‌ను పిలవండి. హ్యాండిల్‌తో స్టార్ట్ చేసే ఇంజిన్ అయితే బొటనవేలిని మిగతా వేళ్ల వైపే ఉంచి పట్టుకోండి. హ్యాండిల్ వెనక్కి తన్నితే బొటనవేలు విరగకుండా ఉంటుంది.

బ్యాటరీ విషయం తొందరగా తేలుతుంది. 12 వోల్టుల బ్యాటరీ ఏ పనీ లేకుండా ఉన్నప్పుడు మీటరు 12.6 దగ్గర చూపాలి. 12.2 అంటే సుమారు సగం చార్జే. టెర్మినళ్ల మీది తెల్లటి పొడి గీకేయండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. ఎయిర్ ఫిల్టర్ విప్పినప్పుడు ఎలుకల గూడు ఉందేమో చూడండి, పక్కనే వైర్లు కొరికి ఉండొచ్చు.

ఇవన్నీ అయ్యాక స్టార్ట్ చేసి, రెండు నిమిషాలు వేడెక్కనిచ్చి, నిజమైన లోడు, అంటే ఇంట్లో వాడే దీపాలు, మోటారు లాంటివి పెట్టి అరగంట నడపండి. ఊరికే స్టార్ట్ చేసి ఆపేస్తే ఏమీ తెలియదు. తక్కువ లోడు మీద ఎక్కువసేపు నడిపితే డీజిల్ పూర్తిగా మండక సైలెన్సర్‌లో తడి మసి పేరుకుంటుంది. పొగను కూడా చూడండి. నల్లగా వస్తుంటే లోడు ఎక్కువైనట్టు, లేదా గాలి చాలనట్టు, లేదా నాజిల్ సరిగ్గా చిమ్మనట్టు. నీలిరంగు వస్తే ఆయిల్ మండుతోంది. స్టార్ట్ చేసిన కొత్తలో తెల్లపొగ మామూలే, ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోతే నాజిల్, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి సరిగ్గా నొక్కుకుంటోందా అన్నది) చూడాలి. జనరేటర్ మీద రాసిన 5 కేవీఏ అంటే 0.8 పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో నిజంగా పనికి వచ్చే వంతు) దగ్గర 4 కిలోవాట్లే. పైగా నీళ్ల మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో నడిచేటప్పటి కన్నా 5, 6 రెట్లు కరెంటు లాగుతుంది, దాన్నే మొదట వేయండి, మిగతావి తర్వాత. ఆపేముందు లోడు తీసేసి మూడు నాలుగు నిమిషాలు నడవనివ్వండి. డీజిల్ పోయాలంటే ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చాకే.

వాన పడుతోందని జనరేటర్‌ను వరండాలోకో గ్యారేజీలోకో లాగకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, తలుపు తెరిచి ఉన్నా ప్రాణం తీస్తుంది. కిటికీలకు కనీసం 6 మీటర్ల దూరంలో, పైన రేకు ఉండి చుట్టూ గాలి ఆడే చోట పెట్టండి. ఇంట్లో ఒక్కసారిగా తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం మొదలైతే కారణం వెతక్కుండా అందరినీ బయటికి తీసుకురండి.

ఇంటిని మెయిన్ లైన్‌కో జనరేటర్‌కో ఒక్కదానికే కలిపే చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ వైరును గోడ సాకెట్లో గుచ్చడం మాత్రం ఎప్పుడూ వద్దు. మీ 230 వోల్టులు వెనక్కి పోయి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 11,000 వోల్టులు కాగలవు. ఆ లైన్ చచ్చి ఉందనుకుని స్తంభం ఎక్కిన మనిషి చేతిలో తీగ ఉంటుంది. వైరింగ్ చేసిన ఎలక్ట్రీషియన్‌తోనే ఆ స్విచ్, ఎర్తింగ్ పెట్టించి, ఆయన ఎదుటే ఒకసారి మెయిన్ ఆపి, స్విచ్ జనరేటర్ వైపు తిప్పి, మెయిన్ లైన్‌లోకి కరెంటు పోవడం లేదని మీటరుతో చూపించమనండి.