ప్రభుత్వ ప్రయోగశాలలో పాలిగ్రాఫ్ పరీక్షకులుగా పనిచేయదలచినవారికి

పత్రికలు సత్యశోధన పరీక్ష అని రాసే పాలిగ్రాఫ్‌కు అబద్ధాన్ని పట్టుకునే శక్తి లేదు. ఊపిరి, రక్తపోటు, నాడి, చెమట వల్ల చర్మపు విద్యుత్ వాహకతలో వచ్చే మార్పు, వీటిని అది గీతలుగా చూపుతుంది, అంతే. ఆ గీతలకు అర్థం చెప్పేది పరీక్షకులు. ఆ అర్థం నిలుస్తుందా లేదా అన్నది వారు అడిగిన ప్రశ్నను బట్టి ఉంటుంది. కాబట్టి ఈ ఉద్యోగానికి రాదలచినవారు యంత్రం కంటే ముందు ప్రశ్న రాయడం నేర్చుకోవాలి.

చదువు విషయానికి వస్తే, మనస్తత్వశాస్త్రంలో గానీ ఫోరెన్సిక్ సైకాలజీలో గానీ పీజీ చేసినవారికి దారి సుగమం. గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయంలో ఈ కోర్సు ఉంది. కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలల్లో ఢిల్లీలోనిది సీబీఐ కింద పనిచేస్తుంది. రాష్ట్రాలకు సొంత ప్రయోగశాలలున్నాయి. పాలిగ్రాఫ్ విభాగం అన్నిచోట్లా ఉండదు కనుక, దరఖాస్తు చేసేముందు నోటిఫికేషన్‌లో విభాగం పేరు చూసుకోవాలి.

ఉద్యోగంలో చేరాక ముందుగా చదవవలసింది యంత్రంతో వచ్చిన పుస్తకం కాదు, సెల్వి కేసులో సుప్రీంకోర్టు 2010 మే 5న ఇచ్చిన తీర్పు. ఇష్టం లేని వ్యక్తికి ఈ పరీక్ష చేయరాదని, చేస్తే రాజ్యాంగంలోని 20(3) (నిందితుణ్ణి తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టరాదన్నది), 21 (ప్రాణానికీ వ్యక్తిగత స్వేచ్ఛకూ రక్షణ) అధికరణాలకు భంగమని ఆ తీర్పు చెప్పింది. జాతీయ మానవ హక్కుల సంఘం 2000లో ఇచ్చిన మార్గదర్శకాలను పాటించి తీరాలని కూడా చెప్పింది. వాటి ప్రకారం నిందితుడికి న్యాయవాది అందుబాటులో ఉండాలి, పరీక్ష వల్ల కలిగే పరిణామాలు వివరించాలి, సమ్మతిని జ్యుడీషియల్ మేజిస్ట్రేటు ఎదుట నమోదు చేయాలి. ఆ కాగితం ఫైలులో లేకపోతే, దర్యాప్తు అధికారి ఎంత తొందరపెట్టినా పరీక్ష మొదలుపెట్టకూడదు. కాగితం ఉన్నా, గదిలో కూర్చున్న మనిషిని మరొకసారి మామూలు మాటల్లో అడగాలి. వద్దంటే ఆ మాటే రాసి పంపించాలి. వద్దనడాన్ని తప్పు ఒప్పుకున్నట్టు చూడటం పోలీసు స్టేషన్లలో ఉండే అలవాటు. అది ప్రయోగశాలకు పాకకూడదు.

తరువాత ఆరోగ్యం. రాత్రంతా విచారణలో నిద్రలేక వచ్చినవారిని, జ్వరంతో ఉన్నవారిని, గుండెజబ్బు మందులు వాడుతున్నవారిని వైద్యుని మాట లేకుండా కుర్చీలో కూర్చోబెట్టరాదు. అలసిన శరీరం గీసే గీతతో ఎవరికీ ఉపయోగం లేదు.

ఇక ప్రశ్నలు. ప్రతి ప్రశ్ననూ పరీక్షకు ముందే చదివి వినిపించి, అర్థమైందని నిర్ధారించుకోవాలి. పరీక్ష మధ్యలో కొత్త ప్రశ్న రాకూడదు. తెలుగులో ఇక్కడొక చిక్కు ఉంది. ‘డబ్బు మీరు తీశారా?’ అంటే మనవాళ్లు ‘లేదు’ అంటారు గానీ ‘కాదు’ అనరు. ‘మీరు తీయలేదు కదా?’ అని అడిగితే ‘అవును’ అన్న జవాబుకు తీయలేదనే అర్థం రావచ్చు, తీశాననే అర్థమూ రావచ్చు. అందువల్ల వ్యతిరేకార్థక క్రియతో ప్రశ్న వేయకూడదు, ‘అవును’, ‘లేదు’ అన్న రెండు మాటలకే జవాబును ముందుగా కట్టడి చేసుకోవాలి. ‘మొన్న’ అంటే కొందరికి నిన్నటి ముందురోజు, కొందరికి ఈమధ్య ఎప్పుడో, తేదీ చెప్పాలి. ‘దొంగతనం’, ‘హత్య’ వంటి మాటలు వినగానే నిర్దోషికీ గుండె అదురుతుంది, కనుక జరిగిన పనినే చెప్పాలి: ‘సొసైటీ బీరువాలోని నగదును ఆ శనివారం మీరు బయటకు తీశారా?’

నేరం చేసినవాడికి మాత్రమే తెలిసే వివరం ఒకటి ఉంటే, దాని మీద పరీక్ష కట్టడం మేలని నా అభిప్రాయం. పోయిన నగ కాసులపేరు అయితే, గొలుసు, వడ్డాణం, కాసులపేరు, నెక్లెస్, వంకీ అని వరుసగా అడగాలి. మొదటి మాటకు ఎవరి శరీరమైనా ఉలిక్కిపడుతుంది కనుక అసలు వస్తువును మొదట పెట్టకూడదు. కానీ ఆ వివరం అప్పటికే పత్రికల్లో వచ్చినా, విచారణలో ఎవరైనా నోరుజారినా ఈ పద్ధతి పనికిరాదు. ఫైలు చూడగానే దర్యాప్తు అధికారిని అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

పరికరాలు తగిలించడం త్వరగానే వస్తుంది: ఛాతీకీ పొట్టకూ రెండు గొట్టాలు, వేళ్లకు పలకలు, జబ్బకు రక్తపోటు పట్టీ, కదలికలు తెలిపే మెత్త. ప్రశ్నకూ ప్రశ్నకూ నడుమ కనీసం ఇరవై సెకన్లు ఆగాలి, గొంతు హెచ్చుతగ్గులు లేకుండా అడగాలి, అదే ప్రశ్నలతో కనీసం మూడుసార్లు నడపాలి, ప్రతిసారీ పట్టీ వదులు చేయాలి. ఊపిరి బిగబట్టినవాడు మోసం చేస్తున్నాడని వెంటనే తేల్చకూడదు. ఇంటర్నెట్‌లో చదివి భయపడిన నిర్దోషి కూడా అలాగే చేస్తాడు.

గీతలకు అంకెలు వేసేటప్పుడు, ఎక్కువగా వాడే పద్ధతిలో మైనస్ 3 నుంచి ప్లస్ 3 వరకు ఇస్తారు; మైనస్ అబద్ధం వైపు, ప్లస్ నిజం వైపు. కేసు సంగతి తెలియని సహోద్యోగి చేత విడిగా అంకెలు వేయించి పోల్చుకుంటే మన ముందస్తు అభిప్రాయం ఎంత చొరబడిందో కనబడుతుంది. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2003 నివేదిక, ఒక నిర్దిష్ట సంఘటన గురించి చేసే పరీక్షలు గుడ్డిగా ఊహించి చెప్పడం కంటే చాలా మెరుగే గానీ దోషరహితానికి చాలా దూరమని తేల్చింది. నివేదిక రాసే చేతికి ఈ సంగతి గుర్తుండాలి.

నివేదికలో ప్రశ్నలు, జవాబులు, వాటి మీద మన అభిప్రాయం మాత్రమే ఉండాలి. ‘ఇతడే చేశాడు’ అన్న వాక్యానికి అందులో చోటు లేదు. స్వచ్ఛందంగా చేయించుకున్న పరీక్ష ఫలితమైనా దానంతట అదే సాక్ష్యం కాదు. దాని సాయంతో దొరికిన వస్తువును గానీ సమాచారాన్ని గానీ అప్పటి సాక్ష్య చట్టంలోని 27వ సెక్షన్ కింద స్వీకరించవచ్చని సెల్వి తీర్పు చెప్పింది; ఆ నిబంధన 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలోని 23వ సెక్షన్‌లో ఉంది. ఫలితం తేలకపోతే తేలలేదనే రాయాలి. ‘ఏదో ఒకటి తేల్చండి’ అని స్టేషన్ నుంచి ఫోను వస్తే, ఆ ఫోను వచ్చిన తేదీ, సమయం కూడా ఫైలులో రాసిపెట్టాలి.