బ్రాడీపేటలో అడ్రస్ వెతికేవాళ్లని గమనించడం ఎలా

ప్రాజెక్టు అనగానే ఇంజనీరింగ్, ఎంబీఏ పిల్లలు నాకు పంపేది గూగుల్ ఫామ్. "మేడమ్, యూజర్ బిహేవియర్ మీద సర్వే, మీరు నింపి మీ గ్రూపుల్లో కూడా పెట్టండి." అందులో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: మీరు మ్యాప్స్ వాడతారా? గుంటూరులో దీనికి లేదని చెప్పినవాళ్లు నాకింకా తగల్లేదు. వాడతానని చెప్పిన మనిషే తెలియని వీధికి వెళ్లాల్సొస్తే ముందు ఆటో ఆయన్ని అడుగుతాడు. యాప్‌లు చేసే కంపెనీల కోసం జనంలో తిరిగి, వాళ్లు ఫోన్‌తో నిజంగా ఏం చేస్తున్నారో రాసుకురావడమే నా ఉద్యోగం. ఈ పని నేర్చుకోవాలనుకుంటే ఫామ్ పక్కన పెట్టి బ్రాడీపేట రండి.

ముందు ఏం చూడాలో తేల్చుకోండి. "ప్రజల డిజిటల్ అలవాట్లు" లాంటి పెద్ద పేరు పెట్టుకుంటే నోట్సు నిండుతుంది, చేతికేమీ రాదు. ఒక్క క్షణాన్ని పట్టుకోండి: మనిషి ఫోన్ మీద ఆశ వదులుకుని పక్కవాళ్లని అడిగే క్షణం. ఫోన్ ఎక్కడ చాల్లేదో, ఆ లోటుని ఊరు ఎలా పూడ్చిందో రెండూ అక్కడే బయటపడతాయి.

బ్రాడీపేటే ఎందుకంటే ఇక్కడ వీధులకి అంకెలున్నాయి. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. మా ఊరి వాళ్లకి ఇంతకంటే తేలికైన అడ్రస్ ఉండదు. మాచర్ల నుంచో వినుకొండ నుంచో డాక్టర్ కోసం వచ్చినవాళ్లకి అదే అంకె డోర్ నంబర్‌లా కనిపిస్తుంది. పైగా రైలు పట్టాలకి అవతల అరండల్‌పేటలోనూ నాలుగో లైనుంది. ఏ పేటో చెప్పకుండా "నాలుగో లైను" అని ఆటో ఎక్కితే పట్టాలకి ఏ పక్కన దిగుతారో చెప్పలేం.

పొద్దున ఆసుపత్రుల్లో ఓపీ మొదలయ్యే వేళ ఒకసారి, సాయంత్రం కొరియర్, ఫుడ్ డెలివరీ కుర్రాళ్లు తిరిగే వేళ ఇంకోసారి రండి. వచ్చే జనం వేరు, వెతికే తీరు వేరు. మధ్యాహ్నం వద్దు. మే నెల గుంటూరు ఎండలో జనం నీడ కోసం ఆగారో, దారి తెలియక ఆగారో పోల్చుకోలేం. అడ్డరోడ్డు మూల కనిపించేలా మెడికల్ షాపు ముందో టీ కొట్టు దగ్గరో చోటు చూసుకోండి. ఏం చేస్తున్నారో షాపాయనకి ముందే చెప్పి, సరేనన్నాకే కూర్చోండి. ఇద్దరు వస్తే మరీ మంచిది. ఒకళ్లు ఫోన్ ఉన్న చేతిని చూడాలి, ఇంకొకళ్లు ముఖం ఎటు తిరుగుతోందో చూడాలి. ఆడపిల్లలైతే జంటగానే రండి. ఒంటరిగా గంటసేపు నిలబడితే "ఎవరికోసమమ్మా" అని అడిగేవాళ్లే ఎక్కువవుతారు, మీ పని సాగదు.

వీధిలో నడిచేవాళ్లని గంటంతా లెక్కపెట్టక్కర్లేదు. కోపెన్‌హాగన్‌లో నడిచేవాళ్ల మీద దశాబ్దాలు పనిచేసిన ఆర్కిటెక్ట్ జాన్ గెల్ పద్ధతిలో గంటకి పది నిమిషాల లెక్క సరిపోతుంది. మిగతా యాభై నిమిషాలు ఒక్కో మనిషినీ వివరంగా చూడటానికి ఉంచుకోండి.

నోట్సులో మీ అభిప్రాయం రాయొద్దు. నా దగ్గర నేర్చుకునే పిల్లలతో నాకు గొడవంతా ఇక్కడే. "కన్ఫ్యూజ్ అయ్యాడు" అని రాస్తారు. అది మీకెలా తెలుసు? కళ్లకి కనబడింది రాయండి. ఇదిగో, ఇలా:

"10.20. యాభై దాటిన ఆయన, వెనక భార్య. చంకలో ఎక్స్‌రే కవరు. మూల దగ్గర ఆగాడు. జేబులోంచి చీటీ తీశాడు, చదివాడు, తలెత్తి గోడలకేసి చూశాడు. మూలనున్న బోర్డుకి అడ్డంగా పుట్టినరోజు ఫ్లెక్సీ. టచ్ ఫోన్ తీశాడు. మ్యాప్ తెరవలేదు, ఎవరికో కాల్ చేశాడు. నాలుగు ముక్కలు మాట్లాడి, ఆగి ఉన్న ఆటో దగ్గరికెళ్లి, 'బాబూ, మావాడు లైన్లో ఉన్నాడు, కాస్త మాట్లాడు' అని ఫోన్ ఆటో అతని చేతిలో పెట్టాడు. ఆటో అతను విని, 'ఆ, తెలిసింది అన్నా' అని ఫోన్ తిరిగిచ్చి, చేత్తో ఎడమకి చూపించాడు. ఇద్దరూ ఎడమకి నడిచారు. ఆవిడ మాత్రం ముందు మెడికల్ షాపులో ఇంకోసారి అడిగింది."

ఈ ఒక్క నోట్సు నుంచి ఎన్ని ప్రశ్నలు పుడతాయో చూడండి. స్మార్ట్‌ఫోన్ ఉంది, నెట్ ఉంది, అయినా ఆయన మ్యాప్ జోలికి పోలేదు. దారి తెలిసిన కొడుకునీ, వీధి తెలిసిన ఆటో అతన్నీ కలిపి వదిలాడు. ఏ సర్వే ఫామ్‌లోనూ "ఫోన్ తీసుకెళ్లి ఆటో డ్రైవర్ చేతిలో పెడతాను" అనే ఆప్షన్ ఉండదు. భర్త విన్నదాన్ని భార్య మళ్లీ వెళ్లి అడగడం కూడా గమనించదగ్గదే. అడిగేది దారి కోసమా, నమ్మకం కోసమా? అది తర్వాత మాట్లాడినప్పుడు తేలుతుంది.

డెలివరీ కుర్రాళ్ల తీరు వేరే. వాళ్లు ఫోన్ వదలరు. బండి మీద కూర్చునే ఫోన్‌ని అటూ ఇటూ తిప్పుతారు, బాణం గుర్తు ఎటు చూపిస్తోందో తేల్చుకోవడానికి. ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ జీపీఎస్‌కి తేడా సుమారు 5 మీటర్లే. మేడల మధ్య అది పెరుగుతుంది. నీలం చుక్క పక్క వీధిలోకి గెంతితే కుర్రాడు కస్టమర్‌కి కాల్ చేస్తాడు. ఎన్నోసారి తిప్పాక కాల్ చేశాడో రాసుకోండి.

మిమ్మల్ని చూసి జనం నడక మారకూడదు. 1924 నుంచి 1932 వరకు షికాగో దగ్గరి హాథార్న్ ఫ్యాక్టరీలో, తమని చూస్తున్నారని తెలిసి కార్మికుల పనితీరు మారిందని చెప్పుకునే ప్రయోగాల లెక్కల మీద తర్వాత చాలా వాదనలు నడిచాయి గానీ, ఎవరో చూస్తున్నారని తెలిస్తే మనిషి సర్దుకుంటాడన్నది ఇక్కడ మీకే కనిపిస్తుంది. చేతిలో క్లిప్‌బోర్డ్ వద్దు, మెడలో ఐడీ కార్డు వద్దు. చిన్న పాకెట్ నోట్‌బుక్ చాలు.

చూడటం అయ్యాకే అడగాలి. దారి దొరికి తేలికపడ్డ మనిషిని ఆపి, మీరెవరో, ఏం చదువుతున్నారో చెప్పుకుని, రెండు నిమిషాలు అడగండి. "మీరు సాధారణంగా..." అని మొదలుపెట్టొద్దు. "ఇందాక ఇక్కడ ఆగారు కదండీ, అప్పుడేం చూస్తున్నారు?" అనండి. "దీనికి ముందు కొత్త చోటుకి ఎప్పుడెళ్లారు, ఎలా వెళ్లారు?" అనండి. పెద్దవాళ్లని పెద్దాయనా, అమ్మా అని పిలిస్తే నిలబడతారు. "సార్, ఒక చిన్న సర్వే" అంటే లోన్ కంపెనీ వాళ్లనుకుని నడక పెంచుతారు.

ఎంతమందిని చూడాలని అందరూ అడుగుతారు. యాప్‌లు, వెబ్‌సైట్లు వాడటానికి తేలికగా ఉన్నాయో లేదో పరీక్షించే నిపుణుడు జాకబ్ నీల్సన్ లెక్క ప్రకారం ఒకే రకం వాడకందార్లు ఐదుగురితో పరీక్షిస్తే స్క్రీన్‌లోని సమస్యల్లో దాదాపు 85 శాతం బయటపడతాయి. అది యాప్ పరీక్షకి చెప్పిన లెక్క, వీధికి కాదు. ఇక్కడ కొత్త రకం ఆగడం ఏదీ కనిపించనంత వరకు చూస్తూ పోవాల్సిందే.

వీధిలో కనబడనిది ఫోన్‌లో ఉంటుంది. ఒప్పుకున్న కొద్దిమందిని, ఎవర్నైనా దారి అడిగినప్పుడల్లా వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పెట్టమనండి. టైప్ చేయమంటే ఎవరూ చేయరు. కంపెనీ డేటా దొరికితే పక్కన పెట్టి చూడండి. యాప్ తెరిచి అర నిమిషంలో మూసేశారని డేటా చెబుతుంది. చోటు దొరికి మూశారా, విసుగొచ్చి మూశారా అన్నది మూల మీద నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది.

ముఖాల ఫొటోలు, వీడియోలు తీయొద్దు. ఆసుపత్రి కవరు మీది పేరు, జబ్బు మీ నోట్సులోకి రాకూడదు. ఫోన్ నంబర్లు, వాయిస్ మెసేజ్‌లు తీసుకుంటే దేనికో చెప్పి ఒప్పుకోలు తీసుకోండి, పని అయ్యాక తుడిచేయండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి అలా ఉంచి, మన నాన్న ఎక్స్‌రే కవరు ఎవరో రాసుకుంటే మనం ఊరుకుంటామా?

నోట్సు చేతికొచ్చాక తెల్లకాగితం మీద లైన్లు, అడ్డరోడ్లు గీసి, జనం అడిగిన ప్రతి చోటా ఎర్ర చుక్క పెట్టండి. చుక్కలు ఏ మూల గుమిగూడాయో చూసి, మళ్లీ అక్కడికే వెళ్లి తలెత్తి చూడండి. బోర్డు ఫ్లెక్సీ వెనకో కొమ్మల వెనకో దాక్కుని ఉంటే అది యాప్ తప్పు కాదు. అప్పుడు షాపాయన అనుమతితో ఆయన గోడకే "ఇది బ్రాడీపేట 4వ లైను" అని పెద్ద అక్షరాల కాగితం అంటించి, వచ్చే వారం అదే రోజు, అదే వేళకి వచ్చి మళ్లీ లెక్కపెట్టండి. చుక్కలు తగ్గాయో లేదో, తగ్గితే ఎవరివి తగ్గాయో చూడండి. ఆ వారమంతా కాగితం చింపొద్దని షాపులో పనిచేసే కుర్రాడికి కూడా చెప్పి వెళ్లండి, ఓనర్‌కి ఒక్కడికే చెబితే చాలదు.