తెలుగు, ఒడియా జాబితాలను ‘సార్ట్’తో కలపడం

పర్లాకిమిడిలో ఒకటి, గుణుపురంలో ఒకటి పుస్తకాల జాబితాలు ఉన్నాయనుకోండి. రెండింటిలోనూ తెలుగు, ఒడియా పేర్లు కలిసే ఉంటాయి. వరుసకు నాలుగు గడులు: పుస్తకం, రచయిత, ఊరు, వెల. గడికీ గడికీ మధ్య ట్యాబ్. లినక్స్‌లో వరుసలను క్రమంలో పేర్చే కమాండ్ గ్నూ సార్ట్. దానితో వీటిని ఒక్కటి చేయవచ్చు. ఆప్షన్లను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాశాం. టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాలే, పెద్దబడి అని చెప్పనంతవరకు చిన్నబడి.

ముందు శుభ్రం చేయాలి. శీర్షిక వరుసను ‘టెయిల్ -ఎన్ +2’తో తీసేయండి, లేకుంటే అది పుస్తకాల మధ్యలో కలిసిపోతుంది. విండోస్ నుంచి వచ్చిన ఫైలులో ప్రతి వరుస చివరా కంటికి కనిపించని గుర్తు ఒకటి అదనంగా ఉంటుంది. దానివల్ల ఒకేలా ఉన్న రెండు వరుసలు సార్ట్‌కు వేరుగా తోస్తాయి. ‘టిఆర్ -డి '\ఆర్'’ దాన్ని తుడిచేస్తుంది.

ఆ తరువాత ఒక్కో ఫైలునూ ఇలా పేర్చండి (సమానం గుర్తుకు అటూ ఇటూ ఉన్నవి పెద్దబడి; పర్లా, గుణు ఆ రెండు జాబితాల ఫైళ్ల పేర్లు):

ఎల్‌సి_ఆల్=సి సార్ట్ -టి $'\టి' -కె 1,1 -ఓ పర్లా పర్లా

-టి గడులను విడదీసే గుర్తు, -కె ఏ గడిని చూడాలో చెబుతుంది. ‘-కె 1’ అని ఆపేస్తే మొదటి గడి నుంచి వరుస చివరిదాకా కలిపి చూస్తుంది, అందుకే 1,1. -ఓ ఫలితాన్ని ఏ ఫైలులో రాయాలో చెబుతుంది. దాని బదులు ‘>’ పెట్టి అదే ఫైలు పేరు రాస్తే, సార్ట్ చదవకముందే షెల్ (మన కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రామ్) ఫైలును ఖాళీ చేసేస్తుంది. జాబితా పోయినట్టే.

ఎల్‌సి_ఆల్=సి అంటే యూనికోడ్‌లో ఒక్కో అక్షరానికి ఇచ్చిన సంఖ్యల వరుస: ఇంగ్లీషు, దేవనాగరి, ఒడియా, తెలుగు. ‘ళ’ మాత్రం హ తరువాత కాక ల, వ మధ్యన వస్తుంది. క్షతో మొదలయ్యేవి క పేర్లలోనే పడతాయి. మన అక్షరమాల క్రమం కాకపోయినా, ఏ కంప్యూటర్లోనైనా ఒకే ఫలితం ఇస్తుంది కాబట్టి కలిపే పనికి ఇదే మేలు.

కలపడానికి -ఎం. ఇది పేర్చదు, ఇప్పటికే పేర్చి ఉన్నాయని నమ్మి అల్లుకుపోతుంది. ఒక ఫైలును ఒడియా లొకేల్‌లో (ఆ భాషకు తగిన వరుస నియమాలతో), రెండోదాన్ని సి లొకేల్‌లో పేర్చి ఉంటే ఏ హెచ్చరికా లేకుండా తప్పు జాబితా ఇస్తుంది. కాబట్టి కలిపే ముందు, -ఓ తీసేసి మిగతా ఆప్షన్లు అవే ఉంచి, -సి చేర్చి రెండు ఫైళ్లనూ విడివిడిగా చూడండి. మాట్లాడకపోతే సరే, తేడా ఉంటే వరుస సంఖ్య చెబుతుంది. ఆపైన:

ఎల్‌సి_ఆల్=సి సార్ట్ -ఎం -టి $'\టి' -కె 1,1 -ఓ మొత్తం పర్లా గుణు

నకళ్లు తీయాలని ఇక్కడ -యు చేర్చకండి. కీ (-కెతో చెప్పిన గడి) ఇచ్చినప్పుడు -యు ఆ గడి ఒక్కటే చూస్తుంది. ‘తెలుగు వ్యాకరణం’ పేరుతో ఇద్దరు రాసిన పుస్తకాలుంటే మొదటిది మిగిలి రెండోది పోతుంది. ‘మొత్తం’ ఫైలు మీద కీ లేకుండా -యు నడపండి, పూర్తిగా ఒకేలా ఉన్న వరుసలే పోతాయి.

వెల ప్రకారం కావాలంటే -కె 4,4ఎన్. ఎన్ లేకుంటే 100 ముందు, 25 తరువాత వస్తాయి. ఒడియా అంకెలతో రాసిన వెలలను -ఎన్ సున్నాగా లెక్కేసి పైకి తోస్తుంది. ముందే మామూలు అంకెల్లోకి మార్చుకోవాలి.

చివరగా ‘డబ్ల్యూసి -ఎల్’తో వరుసలు లెక్కించండి. -యు వాడకముందు ‘మొత్తం’లోని సంఖ్య, పేర్చిన రెండు ఫైళ్ల కూడికతో సరిగ్గా సరిపోవాలి.